మూడింటి నుంచి నాలుగింటి దాకా

మూడు కాగానే నీల్దా ఆకుపచ్చ తలుపు మీద రెండుసార్లు తట్టింది. మూడోసారి తట్టలేదు. మూడోసారి తడితే పోలీసులు వచ్చినట్టుంటుందని సెల్సో ఎప్పుడో చెప్పాడు, అప్పట్నుంచీ ఎవరింటికెళ్ళినా ఆమె చెయ్యి రెండు దగ్గరే ఆగిపోతుంది, సొంత చెల్లెలి ఇంటికెళ్ళినా అంతే. "సెల్సో, నేనే, నీల్దాని. నాలుగు దాకా ఇక్కడే కూర్చుంటా. తీయాలనిపిస్తే తియ్యి, లేకపోతే లేదు," అంది తలుపుతో. తలుపు ఏమీ అనలేదు. అనకపోతే మానె అనుకుని, ఎదురుగా గోడవారన ఉన్న మెట్టు మీద తను తెచ్చుకున్న దిండు వేసుకుని కూర్చుంది. మొదటి గురువారం ఉత్త సిమెంటు మీద కూర్చుని మూడు రోజులు నడుము పట్టుకుని తిరిగింది. రెండో గురువారం నుంచి దిండు. మూడో గురువారం విసనకర్ర కూడా వచ్చి చేరింది. ఇలాగే ఇంకో నెల సాగితే మంచం కూడా మోసుకెళ్తావేమో అన్నాడు మొగుడు ఆబెల్, పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఇంకో నెల ఉంటే కదా అని ఆమె పైకి అనలేదు.

ఇంకో నెల లేదు. ఇవాళ నాలుగో గురువారం. ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ ఒలివేరి సోమవారం మీటింగులో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది, ఆవిడ కళ్ళజోడు తీసిందంటే ఎవరికో నచ్చని మాట చెప్పబోతోందని అక్కడ అందరికీ తెలుసు. "నాలుగుసార్లు వెళ్ళి ఒక్క మాట కూడా లేకపోతే మనిషిని మారుస్తాం నీల్దా, నీకు తెలియనిది కాదు. నెల నెలా ఇంజెక్షన్‌కి తనే వస్తున్నాడు, చెయ్యి చాపుతున్నాడు, పోతున్నాడు. తింటున్నాడు, నిద్రపోతున్నాడు. నీ ఒక్కదానికే తలుపు తీయట్లేదు. వాళ్ళమ్మ అప్పట్లో పోయింది కూడా సెప్టెంబరులోనే కదా, అదేమైనా కారణమేమో. నువ్వు మనసులో పెట్టుకోకు." నీల్దా తలూపింది. మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకోవాలి? ఆమె బదులు ఎవరొస్తారో కూడా ఆమెకి తెలుసు, కొత్తగా చేరిన ఓ పెద్దమనిషి, మంచివాడే, గొంతు మాత్రం చేపల బజారు గొంతు. ఆయన అవతలి పేవ్‌మెంటు నుంచి మొదలుపెట్టాలి. అవతలి పేవ్‌మెంటు నుంచి ఇవతలికి రావడానికి సెల్సోకి ఏడు నెలలు పట్టింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, ఆ ఏడు నెలలూ మళ్ళీ మొదట్నుంచి నడవాలి. అదీ ఆమె బాధ. తన బాధ కూడా ఉంది, దాచడమెందుకు, వారంలో ఉన్న ఏడు రోజుల్లో ఆమెకి గురువారమంటేనే ఇష్టం.

అయినా ఈ గంట బాగుంది. ఇలా అనుకోవచ్చో లేదో తెలియదు, మూసిన తలుపు ముందు కూర్చుని బాగుందనుకోవడం డాక్టరమ్మకి చెప్పే మాట కాదు, కానీ బాగుంది. రొసారియో ఊరంతా అన్నం తిని పడుకుంది. ఈ పొడుగాటి నడవలో ఒకదాని వెనక ఒకటిగా ఐదిళ్ళు, ఐదిళ్ళకీ కిటికీ రెక్కలు దగ్గరికేసి ఉన్నాయి, ఎవరిదో ఫ్యాను తిరుగుతూ ఒక చుట్టుకి ఒకసారి టక్కుమంటోంది, ఎవరో ఉల్లిపాయ వేయించిన వాసన ఇంకా గాల్లోంచి పోలేదు. నెత్తిమీద ఆకాశం నడవ వెడల్పే ఉంది. అక్టోబరు ఎండ గోడకి సగం దాకా దిగింది, నాలుగింటికి గోడ కింద పూలకుండీల దాకా వస్తుంది, అప్పుడు లేచి వెళ్ళాలి. కాళ్ళు చాపుకుంటే చెప్పుల్లోంచి బొటనవేళ్ళు బయటికి చూస్తున్నాయి. యాభై నాలుగేళ్ళకి ఈ కాళ్ళు ఎంత నడిచాయి! అందులో సగం సెల్సోతోనే నడిచాయి. ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే ఆమె ఉద్యోగానికి కాగితాల మీద పొడుగాటి పేరుంది, వీధిలో మాత్రం అందరూ తోడు మనిషి అంటారు. ఎవరికి తోడు, ఎందుకు తోడు అంటే స్కిజోఫ్రేనియా అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు, ఆమె చెప్పదు. సెల్సోతో వెళ్తాను, నదిదాకా వెళ్ళి వస్తాం అంటుంది. అంతేనా అంటారు. అంతే అంటుంది, లోపల నవ్వుకుంటూ.

అంతకు ముందు పందొమ్మిదేళ్ళు బేకరీ కౌంటరు వెనక. పొద్దున ఆరింటికి షట్టరు ఎత్తేసరికి వరసలో నిలబడి ఉండేవాళ్ళు, డజను తీపి బన్ను, అరకిలో రొట్టె, ఆ డజనుతో పాటు ఓ డజను కష్టాలు. ఏ మాటకి తల ఊపాలో, ఏ మాటకి ఊరికే కాగితం మడుస్తూ ఉండాలో అక్కడ నేర్చుకుంది. రొట్టె కొనడానికి వచ్చి పది నిమిషాలు ఏ రొట్టె కావాలో తేల్చుకోలేక నిలబడే ఒకావిడ ఉండేది, వెనకవాళ్ళు గొణిగేవాళ్ళు, నీల్దా ఏమీ అనేది కాదు, తూకం రాళ్ళు తుడుచుకుంటూ ఉండేది. చివరికి ఆవిడ ఒక రొట్టె తీసుకుని "నన్ను తొందరపెట్టనిది నువ్వొక్కదానివే," అంది. ఆ మాట ఇప్పటికీ నీల్దా దగ్గరుంది. బేకరీ మూతపడ్డాక కోర్సులో చేరితే మొదటి రోజే మాస్టారు అడిగాడు, మీలో ఓపిక ఉన్నవాళ్ళెవరు అని, ఆమె చెయ్యి దానంతటదే పైకి లేచింది. తరవాత సిగ్గేసింది. కానీ దించలేదు. ఓపిక విషయంలో ఆమెకి కాస్త గర్వమే, వంట విషయంలో లేదు, కుట్టు విషయంలో లేదు, ఓపిక విషయంలో మాత్రం ఎవరినైనా రమ్మను.

మొదట్లో సెల్సో ఆమెతో నడిచేవాడు కాదు, ఆమె నడుస్తున్న వీధిలో నడిచేవాడు. ఆమె ఇటు, అతను అటు. నీడ అతని వైపు, ఎండ ఆమె వైపు, అక్కడ ఎండలు మండిపోయే జనవరిలో కూడా. ఆమె ఆగితే అతను ఆగేవాడు, చెప్పులు చూసుకుంటూ. ఆమె దాటి వెళ్ళబోతే పరుగెత్తేవాడు, ఒకసారి అలా పరుగెత్తి బస్సు కింద పడబోయాడు, ఆ రోజునుంచి ఆమె దాటబోలేదు. ఎవరి వైపు వాళ్ళు పడవల రేవుదాకా వెళ్ళేవాళ్ళు, అక్కడ నీళ్ళలోకి దిగే సిమెంటు స్తంభం మీద కొలత గీతలుంటాయి, పరనా నది ఎంత ఎక్కిందో ఎంత తగ్గిందో చూడ్డానికి. సెల్సో వెళ్ళినప్పుడల్లా ఆ గీత చూసి జేబులో చీటీ మీద రాసుకునేవాడు. ఏడు నెలలు ఇదే. ఆబెల్ అడిగేవాడు, ఇవాళ ఏమన్నాడు అని. ఏమీ అనలేదు. ఏమీ అనలేదా! ఇంత మాటల పుట్టవి, నీకు ఇలాంటి ఉద్యోగం ఎలా ఇచ్చారే! ఇంటికొచ్చి ఆ ఏడు నెలల మాటలూ అతని మీదే పోసేది పాపం, వాషింగ్ మెషీన్లు బాగుచేసి చేసి అలిసిపోయిన మనిషి మీద. ఒకరోజు రేవు దగ్గర ఆమె కళ్ళజోడు మర్చిపోయింది. నిజంగానే మర్చిపోయింది, నాటకం కాదు. గాలిలోకి అన్నట్టు అంది, "ఇవాళ ఎంతుందో, నాకు కనపడి చావట్లేదు." కాసేపయ్యాక భుజం పక్కనుంచి ఒక గొంతు, "మూడు మీటర్ల పదిహేను. పేపర్లో పద్దెనిమిది వేశారు. తప్పు." ఆమె పక్కకి తిరగలేదు. తిరిగితే పోతాడని భయం. "పేపర్లో ఎప్పుడూ తప్పే," అంది నీళ్ళవైపే చూస్తూ. ఇద్దరూ ఒకే పేవ్‌మెంటు మీద వెనక్కొచ్చారు.

పక్కింట్లో ఎవరో దగ్గారు. ఆకుపచ్చ తలుపు వెనక ఏ చప్పుడూ లేదు. లోపల మేడమీదవాళ్ళు ఏమంటున్నారో. సెల్సో ఇంటికి మేడ లేదు, పైన రేకుల మీద ఒక నీళ్ళ ట్యాంకు, ఒక పిల్లి, అంతే. అయినా అతను వాళ్ళని అలాగే అంటాడు, మేడమీదవాళ్ళు అని, ఇల్లు పంచుకున్న కిరాయిదారుల గురించి చెప్పినట్టు. రెండో చలికాలంలో మొదటిసారి అడిగాడు, "మీకు వినపడుతోందా?" అని. ఆ ప్రశ్న వచ్చిన రోజు ఆమె కోర్సులో చదివిందంతా ఒక్కసారిగా నెత్తిన పడింది. వినపడుతోందంటే అబద్ధం. అలాంటిదేం లేదంటే, నీ చెవులు నీవి కావు అని మనిషి మొహాన కొట్టినట్టు. "నాకు వినపడట్లేదు సెల్సో. నీకు వినపడుతోందని నాకు తెలుసు. ఏమంటున్నారు?" అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను గదిలో లేనట్టు నా గురించే మాట్లాడుకుంటున్నారు." "అలా చేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది," అంది ఆమె, మా అత్తగారింట్లో నాకూ అలాగే ఉండేది అని కూడా నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది. అతను నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, ముక్కులోంచి కాస్త గాలి. కానీ ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది, ఆమె బస్సు ఎక్కకుండా ఇరవై వీధులు నడిచి ఇంటికెళ్ళింది.

అప్పటికింకా అతను ఎవరి చేతి తిండీ తినేవాడు కాదు. గుడ్డు తింటాడు, పెంకు తనే పగలగొట్టుకుంటే. నారింజ తింటాడు, తొక్క తనే ఒలుచుకుంటే. దేవుడు మూత పెట్టి పంపినవి మాత్రమే. మొదట్లో తెలియక ఆమె బేకరీ అలవాటు కొద్దీ అర డజను బన్ను పట్టుకెళ్తే ఆ పొట్లం మూడు వారాలు కిటికీ గట్టు మీదే ఉంది, ఆఖరికి పావురాలు కూడా దాన్ని అనుమానించాయి. ఏడాదిన్నరకి అనుకుంటా, ఒక గురువారం వానపడి నదికి వెళ్ళలేకపోయారు, సెల్సో పొయ్యి మీద కెటిల్ పెట్టాడు, ఎండు సొరబుర్ర కప్పులో మాతె ఆకు, టీలా వేడినీళ్ళు పోసుకుని తాగే చేదాకు, నింపాడు, పీల్చే గొట్టం గుచ్చాడు, ఒక్క మాట అనకుండా కుర్చీ చూపించాడు. పోసే మనిషే మొదటిది తాగాలి, అది ఎక్కడైనా అంతే, మొదటిది మరీ చేదుగా పొడిపొడిగా ఉంటుంది గనక చుట్టాలకివ్వరు. సెల్సో మొదటిది తాగాడు. తాగి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు, ఐదు నిమిషాలు, ఆరు నిమిషాలు. తరవాత మళ్ళీ నీళ్ళు పోసి ఆమెకిచ్చాడు. "ఏం కాలేదు. తాగొచ్చు," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వేలమంది చేతుల మీదుగా మాతె తాగింది నీల్దా, తనకోసం విషం ఉందో లేదో తాగి చూసినవాళ్ళు లేరు. రాజులకి ఉండేవాళ్ళట అలాంటివాళ్ళు. ఆ సంగతి చెబుతుంటే ఆబెల్ ఒక్కసారి కూడా వేళాకోళం చెయ్యలేదు. ఆ రోజునుంచీ గురువారాలు పోసేవాడు సెల్సోనే. అతను పోస్తాడు, ఆమె తాగుతుంది, గొట్టం కదపదు, సొరబుర్ర తిరిగిస్తుంది, మళ్ళీ పోస్తాడు. ఆ పూట మేడమీదవాళ్ళు కూడా కాస్త నెమ్మదిస్తారని ఒకసారి అన్నాడు.

"అమ్మాయ్, మళ్ళీ వచ్చావా?" మూడో నంబరింటి కిటికీ రెక్క తెరుచుకుంది. దోన్యా పియెరీనా, అంటే పియెరీనా అమ్మగారు, ఎనభై నాలుగేళ్ళావిడ, నైటీలో, జుట్టుకి చుట్టలు చుట్టుకుని. పడుకోబోయే ముందు మాతె తాగనిదే ఆవిడకి నిద్ర రాదు, అందరికీ అది తాగితే నిద్ర ఎగిరిపోతుంది, ఆవిడ ఒళ్ళే అంత. "నాలుగు వారాలు! ఆ తలుపునే పెళ్ళి చేసుకోరాదూ, ఒక పనైపోతుంది," అంది. "మా ఆయన ఒప్పుకోవాలిగా," అంది నీల్దా. "ఒప్పుకుంటాడు, ఒప్పుకుంటాడు, తలుపైతే ఎదురు చెప్పదు. దా, ఒకటి తాగు." కిటికీ ఊచల మధ్యనుంచి సొరబుర్ర చాపింది, కెటిల్ ఎత్తింది, చెయ్యి వణికింది, నీళ్ళు సగం గట్టు మీద పడ్డాయి. నీల్దా చెయ్యి తనంతట తనే వెళ్ళి కెటిల్ పిడి పట్టుకుంది. ఆ చేతి మీద చెంపదెబ్బంత దెబ్బ పడింది. "తియ్యి! చెయ్యి తియ్యి ముందు! నా చేతిలో కెటిల్ ఉండగా లాక్కుంటావా? నేనింకా పోలేదమ్మాయ్!" "అయ్యో, సాయం చేద్దామని దోన్యా పియెరీనా..." "సాయమట సాయం! మా కోడలూ ఇలాగే మొదలెట్టింది. ముందు కెటిల్ తీసుకుంది, తరవాత వంటిల్లు తీసుకుంది, ఇప్పుడు ఈ మందు తాగండి ఆ మందు తాగండి అంటుంది. వణికితే వణుకుతుంది, పోసేది నేను." మళ్ళీ పోసింది, మళ్ళీ సగం గట్టు మీద. మిగిలిన సగం నీల్దా బుద్ధిగా తాగి ఇచ్చేసింది. కిటికీ మూసుకుంది, లోపల మంచం కిర్రుమంది.

చెయ్యి మండుతోంది. ఎనభై నాలుగేళ్ళ చెయ్యి, ఏం బలం! నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏదో ఆగింది. కెటిల్ పిడి. వేళ్ళకి ఇంకా ఆ వేడి తెలుస్తోంది, కానీ తెలుస్తున్నది ఈ పిడి కాదు, ఇంకోటి, నల్ల ప్లాస్టిక్ పిడి, ఒక పక్క కాలి బుడగలొచ్చినది. సెల్సోది. ఆ గురువారం. సెప్టెంబరు చివరిది. ఆ రోజు ఏం జరిగిందో డాక్టరమ్మకి చెప్పినప్పుడు మామూలుగానే ఉన్నాడు, కాస్త పరధ్యానంగా ఉన్నాడు, తొందరగా లేచిపోయాడు అని చెప్పింది, అదంతా రాసుకున్నారు, వాళ్ళమ్మ పోయిన నెల అని పక్కన రాశారు. పరధ్యానంగా ఉన్నాడు. ఎలా ఉన్నాడు పరధ్యానంగా? తను మొదటిది తాగాడు. మొహం ముడుచుకున్నాడు. ఆమె వంతు వచ్చింది. కెటిల్ చేత్తో పట్టుకుని అలా ఉండిపోయాడు, తల కాస్త వంచి, దాని మూతివైపు చూస్తూ, ఒక నిమిషం, రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు. ఆమె అనుకుంది, మేడమీదవాళ్ళు మొదలెట్టారు, పాపం అనుకుంది, ఇతన్ని వెనక్కి తేవాలి అనుకుంది. "ఇటివ్వు," అని కూడా అనలేదు. నవ్వుతూ చెయ్యి చాపి కెటిల్ తీసేసుకుంది, సొరబుర్రలో తనే పోసుకుంది, ఏమీ జరగనట్టు గబగబా పీల్చేసింది. సెల్సో ఆమె మొహంలోకి చూశాడు. లేచి నిలబడ్డాడు. "ఇవాళ్టికి చాలు," అన్నాడు. అంతే. ఆ తరవాత నాలుగు గురువారాలు ఈ తలుపు.

తనేనా! వాళ్ళమ్మా కాదు, సెప్టెంబరూ కాదు. మొగుడి చేతిలోంచి తీసుకోదు కెటిల్, తోడికోడలి చేతిలోంచి తీసుకోదు, పెళ్ళివాళ్ళింట్లో తీసుకోదు, పక్కింటి ముసలావిడ చేతిలోంచి తీసుకోబోతే ఆవిడ చెయ్యి చేసుకుంది, న్యాయంగా చేసుకుంది. మరి సెల్సో చేతిలోంచి ఎలా తీసేసుకుంది అంత సులువుగా? అతనికి జబ్బు కదా అని. ఎంత మెత్తగా చెప్పుకున్నా చివరికి తేలేది ఇదే. ఆ ఇంట్లో అతను ఇంటాయనగా ఉండే చోటు ఆ కెటిల్ ఒక్కటే, నీళ్ళు ఎక్కడివో ఆకు ఎక్కడిదో అతనికి తెలిసిన చోటు ఆ ఒక్కటే, దాన్ని నవ్వుతూ తీసేసుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నాలుగు వారాలుగా తలుపుతో ఎండ గురించి మాట్లాడింది, నది ఎంత ఎక్కిందో చెప్పింది, నేనున్నాను నేనున్నాను అని చెప్పింది, చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పింది. విచిత్రం ఏమిటంటే సిగ్గుతో పాటే ఒళ్ళంతా తేలికైంది కూడా. ఎండని క్షమించమని అడగలేం, సెప్టెంబరుని అడగలేం. తను చేసింది తనే ఒప్పుకోవచ్చు. ఎండ గోడ సగం దాటి కిందికొచ్చేసింది. నాలుగుకి ఇంకో ఎనిమిది నిమిషాలుంది.

లేచి తలుపు దగ్గరికెళ్ళింది. తట్టలేదు. "సెల్సో, ఒక మాట చెప్పి వెళ్తా. ఆ గురువారం నీ చేతిలో కెటిల్ నేను లాక్కున్నాను. అడగలేదు కూడా. పోసేవాడివి నువ్వు, నేను చుట్టాన్ని. నువ్వు మేడమీదవాళ్ళ మాటల్లో పడిపోయావనుకుని సాయం చేశాననుకున్నా. అది సాయం కాదు. తప్పు నాది. నాకు చాలా సిగ్గుగా ఉంది." ఫ్యాను టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. ఇక దిండు తీసుకుని వెళ్ళిపోవాలి, డాక్టరమ్మకి ఫోను చెయ్యాలి, ఫలానా వీధిలో ఎండవైపు నడవమని కొత్తాయనకి చెప్పాలి, మెల్లగా మాట్లాడమని చెప్పాలి, రెండుసార్లే తట్టమని చెప్పాలి.

"నేను వాళ్ళ మాట వినట్లేదు."

గొంతు ఆమె నడుము ఎత్తునుంచి వచ్చింది. తలుపుకి అవతల అతను కూడా నేలమీద కూర్చుని ఉన్నాడు.

"ఆ రోజా?" అంది ఆమె, మెల్లగా, కిందికి వంగి.

"ఆ రోజు. నీళ్ళు మరిగిపోయాయి. నేను చూసుకోలేదు. నేను తాగితే నోరు కాలింది. నీకూ కాలుతుందని చల్లారనిస్తున్నా."

నీల్దా తలుపుకి నుదురు ఆనించింది. చల్లారనిస్తున్నాడు! నీళ్ళు మరిగితే పోయకూడదని, ఆగాలని, ఈ ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. నాలుగు నిమిషాలు కెటిల్ పట్టుకుని ఆగినవాడు ఇంకెవరైనా అయితే ఆమె కాళ్ళు ఊపుకుంటూ కబుర్లు చెప్పేది, ఎంత మర్యాదస్తుడో అనుకునేది. నాలుగేళ్ళ చదువు, నాలుగేళ్ళ అనుభవం, మీటింగులు, నోట్సు, అన్నీ కలిసి ఒక మనిషి మర్యాదని జబ్బుగా చూశాయి.

"నీ నాలిక కాలింది కదా," అన్నాడు సెల్సో.

అవును, కాలింది. రెండు రోజులు ఉప్పు రుచి తెలియలేదు, ఆబెల్ వండిన కూర బాగుందని కూడా అంది. "కాలింది," అంది.

"నీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చూశా. అప్పట్నుంచీ వాళ్ళు ఊరుకోవట్లేదు. నువ్వే కాల్చావు, నువ్వే కాల్చావు, మళ్ళీ రానిస్తే ఈసారి గొంతు కాలుస్తావు అంటున్నారు. అందుకని తీయలేదు."

ఆమె మీద అలక కాదు, కోపం కాదు. నాలుగు వారాలు ఆమెని కాపాడుతున్నాడు, తన నుంచి. ఇవతల దిండు వేసుకుని ఆమె, అవతల వట్టి నేలమీద అతను. నీల్దాకి ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"పోసింది నేను సెల్సో. నువ్వు పొయ్యలేదు."

"నేనూ అదే చెప్పా. నా మాట నమ్మట్లేదు. నువ్వు చెప్పు. గట్టిగా. పైదాకా వినపడాలి."

వాళ్ళతో వాదించకూడదు, వాళ్ళతో మాట్లాడకూడదు, కోర్సులో ఎర్ర సిరాతో రాయించిన మాట. కానీ ఆమె మాట్లాడబోయేది వాళ్ళతోనా? ఒక మనిషి నిజానికి సాక్ష్యం అడుగుతున్నాడు. నిజం గట్టిగా చెబితే అబద్ధమవుతుందా ఏమిటి? నీల్దా నిటారుగా నిలబడింది, బేకరీలో వరస చివరిదాకా వినపడేలా ధరలు అరిచిన గొంతు, ఎనిమిదేళ్ళుగా పని లేక పడున్న గొంతు, దాన్ని బయటికి తీసింది. "కెటిల్ లాక్కుంది నేను! పోసుకుంది నేను! కాల్చుకుంది నేను! సెల్సో ఏమీ చెయ్యలేదు! సెల్సో నీళ్ళు చల్లారనిస్తున్నాడు!"

ఊళ్ళో మధ్యాహ్నం నిద్ర వేళ అంత అరుపు ఎవరూ అరవరు. వీధిలో కుక్క మొరిగింది, రేకుల మీద పిల్లి దూకింది, నాలుగో ఇంట్లో ఏదో గిన్నె పడింది. మూడో నంబరు కిటికీ దభాలున తెరుచుకుంది. "తెలుసమ్మా తెలుసు! దొంగచెయ్యి నీది, వాడిది కాదు! లోకమంతా విన్నారు, ఇక పడుకోనివ్వు!" కిటికీ మళ్ళీ దభాలున మూసుకుంది.

తలుపు వెనక ముక్కులోంచి గాలి వదిలిన చప్పుడు. తరవాత గొళ్ళెం తీసిన చప్పుడు. తలుపు జానెడు తెరుచుకుంది. గడ్డం పెరిగింది, కళ్ళ కింద నలుపు, వేసుకున్న చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి ఉంది.

"దోన్యా పియెరీనా కూడా చెప్పింది," అన్నాడు.

"విన్నాను."

అతను తల పక్కకి వంచి కాసేపు విన్నాడు. మేడమీదవాళ్ళని కాదు, ఆమెకి తెలిసినంతలో ఊరికే విన్నాడు. "నాలుగైంది," అన్నాడు. "నీ టైమైపోయింది. వచ్చే గురువారం రా. మాతె నేను పోస్తా. నీళ్ళ దగ్గర తొందరపడకు."

"తొందరపడను," అంది నీల్దా.